ఒట్టి హైపో

బెజ్జంకిలో తాటిచెట్లెక్కి కల్లు గీసే పర్శరాములును కల్లు కంట్రాక్టరు మనుషులు కట్టేసి కొట్టి చంపారు. చెట్టు మీదినుంచి పడ్డాడని ఊరంతా చాటి, పొద్దుగాలే శవాన్ని కాల్చేశారు. కానీ అంతకుముందే అతని భార్య లింగవ్వ, ఫోటోలు తీసే అమీనుద్దీన్‌ను దొడ్డిదారిన తీసుకుపోయి, మణికట్ల మీది తాడు వాతలు చూపించింది. ఇప్పుడా వాతలు మిగిలింది ఒక్క ఫిల్ము మీదే.

ఆ ఫిల్ము సిద్దిపేటలో, స్టూడియో వెనకున్న చీకటిగదిలో, అమీనుద్దీన్ కూతురు జోహ్రా చేతుల్లో ఉంది. బొమ్మ తేలింది కానీ ఇంకా నిలవలేదు. బొమ్మను నిలిపే మందు, హైపో, కలిపిన నీళ్లలో నానేదాకా వెలుతురు సోకితే అంతా నల్లబడిపోతుంది. ఫిల్మును నీళ్ల ట్రేలో వదిలి, చీకట్లో తడుముకుంటూ ఆమె హైపో డబ్బా మూత తీసింది.

ముందు గదిలో కుర్చీ విరిగింది. కంట్రాక్టరు మనుషులు వచ్చేశారు.

"ఓ సాయిబూ, ఫిల్మేది?"

"కెమెరాల ఉంది. తీస్కోన్రి."

"కెమెరాల నంబరు ఒకటి మీదనే ఉంది కదరా! ఒక్క ఫోటో గూడ దియ్యని కొత్త రీలు చూపిస్తవా? మేం ఎడ్డోళ్లమనుకున్నవా?"

కట్టె దెబ్బ. నాయన గొంతులోంచి ఎన్నడూ వినని కేక.

ఫ్లాస్కులోని వేడినీళ్లు ఒక ట్రేలో పోసింది. వాటిలో ముందు ఉప్పురాళ్లలాంటి హైపో, తర్వాత సల్ఫైటు పొడి, చివర సిర్కా, అంటే వెనిగర్. అదీ వరస. "సల్ఫైటు పడకముందు సిర్కా పోస్తే పాలు విరిగినట్టు విరుగుతది బేటీ" అని నాయన వందసార్లు చెప్పాడు. రెండో దెబ్బకు ఉలిక్కిపడి, సల్ఫైటు వేయకుండానే సిర్కా సీసా వంచేసింది. అగ్గిపుల్ల గీసినట్టు ఘాటు వాసన ముక్కుకు కొట్టింది. విరిగిపోయింది!

డబ్బాలో సగం హైపో మిగిలింది. వేడినీళ్లు లేవు. సిర్కా దొరకని రోజున నాయన అన్న మాట గుర్తొచ్చింది: "ఒట్టి హైపో గూడ పని జేస్తది. నిదానంగ." మరో ట్రేలో బిందెనీళ్లు పోసి హైపో కలిపింది. అది కరిగేకొద్దీ నీళ్లు మంచులా చల్లబడ్డాయి. ఇంత చల్లదనంలో ఇరవై నిమిషాలు పడుతుంది. ఫిల్ము ముంచి సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"ఫోటోలు దీసిన చెయ్యి గిదేనా?"

ఎముక విరిగిన చప్పుడు తలుపు దాటి వచ్చింది. జోహ్రా దుపట్టా నోట్లో కుక్కుకుంది. గొళ్లెం తీసి ఫిల్ము విసిరేస్తే నాయన బతుకుతాడు. చేయి గొళ్లెం దాకా పోయింది.

నాయన పాక్కుంటూ వచ్చి తలుపుకు వీపు ఆనించాడు. "ఖోల్ నక్కో, బేటీ. తియ్యకు" అన్నాడు, తలుపవతలి నుంచి.

చేయి వెనక్కి తీసుకుంది. నాలుగువందలు. ఒక్కో దెబ్బకూ తలుపు అదిరింది, ట్రేలో నీళ్లు తొణికాయి. ఏడువందలు. తప్పిన లెక్క మళ్లీ పట్టుకుంది. వెయ్యి. తలుపు కింది సందుకు కుక్కిన గుడ్డను తడుపుకుని ఏదో పారి వచ్చి పాదాలకు వెచ్చగా అంటింది.

వెయ్యిన్నీ రెండు వందలు.

గొళ్లెం ఊడిపడింది. తలుపు విరుచుకుపడేలోగా జోహ్రా ఫిల్మును తీసి, ఇందాక సిర్కాతో విరిగిన హైపో ట్రేలో ముంచింది. వెలుతురు భళ్లున పడింది. ఆ ట్రేలో నీళ్లు చిక్కటి పాలలా తెల్లగా ఉన్నాయి. ఫిల్ము అణువంతైనా కనిపించలేదు.

ఒకడు ఒట్టి హైపో ట్రేను తన్నాడు. ఇంకొకడు పాల ట్రే మీదికి వంగి, ముక్కు మూసుకున్నాడు. "థూ, ఏం కంపురా!"

అమీనుద్దీన్ నేల మీద పడి ఏడ్చాడు. "వెలుగు జొచ్చింది... అంతా కరాబైంది..."

"ఇగ పాండ్రి. వెలుగు తాకినంక ఫిల్ము బతకది." జోహ్రా చెంప పగలగొట్టి, నవ్వుకుంటూ పోయారు.

ఆమె నాయన తల ఒడిలోకి తీసుకుంది. కుడిచేతి వేళ్లు ఎటంటే అటు తిరిగి ఉన్నాయి.

"అబ్బాజాన్, దవాఖానకు పోదాం..."

"హైపోల ఎంతసేపుంచినవ్?"

"వెయ్యిన్నీ రెండు వందలు లెక్కవెట్టిన."

"అయితే నిలుస్తది. ముందు ఫిల్ము కడుగు. అరగంట కడగాలె."

ఆమె ఒక చేత్తో అతని తల మీది గాయాన్ని దుపట్టాతో అదిమి, ఇంకో చేత్తో ఫిల్ము మీద చెంబెడు నీళ్లు వంచింది. తెల్లటి మడ్డి జారిపోయింది. వెలుగునీడలు తారుమారైన ఆ నెగటివ్‌లో, నల్లటి మణికట్ల చుట్టూ తాడు వాతలు తెల్లగా, ఒక్కోటి లెక్కపెట్టేంత స్పష్టంగా బయటపడ్డాయి.