మూడు వేళ్ళ ఉప్పు

మా ఆవిడ పోయి అప్పటికి నెల దాటింది. ఆమె ఉంటే ఆ రోజు నేను గరిటె పట్టేవాణ్ణి కాదు.

ఆరేళ్ళ మనవరాలికి తెల్లవారినప్పటి నుంచి వాంతులు, విరేచనాలు. మధ్యాహ్నానికి వడిలిపోయింది. మా అమ్మాయి ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ మధ్యలో ఫోన్ చేసి, పాప ఒంటికి వెళ్ళిందా అని అడిగింది. లేదన్నాను. మూడింటిలోగా వెళ్ళకపోతే ఆస్పత్రికి తీసుకొచ్చేయమంది. ఈలోగా అమ్మ చేసినట్టు గంజి కాచి పట్టమంది.

అమ్మ చేసినట్టు. గుప్పెడు బియ్యం మెత్తగా ఉడికించి, పలచగా వడగట్టి, మూడు వేళ్ళతో ఉప్పు. ఎన్నోసార్లు పక్కన నిలబడి చూసిందే. అలాగే చేశాను. పాప ఒక గుక్క తాగి మొహం తిప్పుకుంది. మొండికేస్తోందనుకున్నాను. బడిలో పిల్లల మీద వాడే గొంతుతోనే గ్లాసు ఖాళీ చేయించాను. రెండు నిమిషాల్లో అంతా కక్కేసి ఏడ్చింది. కంట్లో నీళ్ళు రాలేదు.

కాలు ఒకచోట నిలవలేదు. గడియారం దగ్గరికి, మంచం దగ్గరికి, మళ్ళీ గడియారం దగ్గరికి. చివరికి మా ఆవిడ అక్కగారికి ఫోన్ చేశాను. రెండు వీధుల అవతలే ఉంటారు. వచ్చీ రాగానే మిగిలిన గంజి చెంచాతో రుచి చూశారు.

“సముద్రం తెచ్చి కాచారా మరిదిగారూ?”

మూడు వేళ్ళతోనే వేశానన్నాను.

“ఎవరి మూడు వేళ్ళు? మా చెల్లెలి చెయ్యి చిన్నపిల్ల చెయ్యి. మీది చూసుకోండి.”

చూసుకున్నాను. ముప్పై ఏళ్ళు ఆ చెయ్యి పట్టుకు తిరిగినవాణ్ణి, నాకు తెలిసి ఉండాల్సింది.

గంజి పారబోసి మళ్ళీ కాచారు. ఒక చెంచా పట్టి, అరవై దాకా లెక్కపెట్టి, ఇంకో చెంచా. ఆవిడ పట్టారు, నేను లెక్కపెట్టాను. నలభై దాటగానే నా నోరు పరుగెత్తేది. అంకెలు ఎగ్గొట్టకండి మాస్టారూ అనేవారు. రెండున్నరకు అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. ఇంకా లేదన్నాను. పాప బట్టలు సంచిలో సర్ది తలుపు దగ్గర పెట్టాను.

మూడుకు పది నిమిషాలుంది. లెక్క ముప్పై రెండు దగ్గర పాప దుప్పట్లోంచి చెయ్యి తీసి, బళ్ళో పిల్లల్లాగే చిటికెన వేలు చూపించింది.

ఇన్నేళ్ళుగా ఆ వేలికి నేను చెప్పిన జవాబు ఒక్కటే, గంట కొట్టేదాకా కూర్చోమని.

“పద తల్లీ” అన్నాను.

పిల్లను ఎత్తుకుని వెళ్తుంటే వెనక వదినగారు అమ్మాయికి ఫోన్ చేయడం వినిపించింది.