రెక్క కింద కొవ్వొత్తి

గావ్రా నెడుచిన్ తన విమానాల మ్యూజియం తెరిచిన రోజు ఊళ్ళో బ్యాండు మోగింది, గొర్రెలు తెగాయి, బిషప్పు వచ్చి విమానాల ముక్కుల మీద మంత్రజలం చల్లాడు. నాలుగేళ్ళు తిరక్కుండానే అంతా చతికిలబడింది. కంకర వ్యాపారంలో వచ్చిన డబ్బు కంకరలాగే జారిపోయింది. అసలు గావ్రాకు విమానాల మీద ప్రేమేమీ లేదు. వాటి రెక్కల పక్కన నిలబడి మంత్రులతో ఫొటోలు దిగడం మీదే ప్రేమంతా. మంత్రులు మారారు, ఫొటోలు ఎందుకూ కొరగాకుండా పోయాయి, బ్యాంకువాళ్ళు వచ్చి ఆఫీసు గదికి సీలు వేశారు. గావ్రా మాత్రం మాంటెనెగ్రోలో సముద్రం ఒడ్డున కూర్చుని చేపలు తింటున్నాడు. అలాంటివాళ్ళకు ఎప్పుడూ ఏమీ కాదు.

యుద్ధాల్లో చావని విమానాలు అప్పుడు ఒక్కొక్కటే చావడం మొదలుపెట్టాయి. ఒక జెట్టును హైవే పక్క హోటలువాడు కొని, స్తంభం మీదికెక్కించి, పొట్ట కింద ఎర్ర బల్బులు కట్టాడు. ఇంకో జెట్టును పాత అల్యూమినియం కింద ముక్కలు కోసి పట్టుకుపోయారు. బాంబులు వేసే పెద్ద విమానానికి ముక్కు ఒక్కటే అమ్ముడైంది, బుడాపెస్టులో ఎవరో డాక్టరు తోటలో అలంకారానికి. మిగిలిన మొండెం బయట వానలో పడి ఉంది.

పెర్సిడాకు వాటితో పని లేదు. ఆవిడ చూపంతా షెడ్డు మూలనున్న చెక్క విమానం మీదే. రెండు వరసల రెక్కలు, చెక్క చట్రం, దాని మీద బిగించిన గుడ్డ, ఆ గుడ్డ మీద ఘాటైన వార్నిషు. యుద్ధంలో బాంబులు వేసి, ఆ తర్వాత మొక్కజొన్న చేల మీద మందు చల్లింది కాబట్టి అందరూ దాన్ని మొక్కజొన్న విమానం అంటారు. పెర్సిడాకు అది విమానం కాదు, వాళ్ళ నాన్న సమాధి.

వాళ్ళ నాన్న స్టానోయే వైమానిక దళంలో ఆ విమానాన్నే నడిపేవాడు. దేశానికి మాస్కోతో చెడిన కొత్తల్లో, తోటివాళ్ళతో భోంచేస్తూ "నిన్నటిదాకా అన్నదమ్ములమే కదరా" అని ఒక్క మాట జారాడు. మర్నాడు విమానం దింపి, నెత్తిన తోలు టోపీ ఇంకా తియ్యకముందే ఇద్దరు వచ్చి తీసుకుపోయారు. సముద్రం మధ్యనున్న రాతి దీవి మీది జైలుకు పంపారని తర్వాతెప్పుడో తెలిసింది. మనిషీ తిరిగి రాలేదు, శవమూ రాలేదు. పెర్సిడాకు అప్పుడు నాలుగేళ్ళు. నాన్న మొహం గుర్తు లేదు గానీ, తనను ఎత్తి వెనక సీట్లో కూర్చోబెట్టడం, ముక్కుపుటాలు మండించే ఆ వార్నిషు వాసన గుర్తున్నాయి. విమానం తోక మీది అంకెను వాళ్ళమ్మ చచ్చేదాకా జపంలా చెప్పుకునేది. సమాధి రాయి మీద ముందు ఆయన పేరు చెక్కించి, పక్కనే తన పేరు చెక్కించుకుని, చివరికి తన వైపు తాను వెళ్ళి పడుకుంది. ఆయన వైపు మట్టి కింద ఏమీ లేదు.

చేతిలో కొవ్వొత్తి లేకుండా చావడాన్ని మించిన దురదృష్టం వాళ్ళుండే బానాత్ ప్రాంతంలో ఎవరికీ తెలియదు. వెలుగు లేకుండా పోయినవాడు అవతల కూడా చీకట్లో తడుముకుంటూనే ఉంటాడని వాళ్ళ నమ్మకం. పగవాణ్ణి తిట్టాలంటే "కొవ్వొత్తి దిక్కులేని చావు చస్తావు" అంటారు. ఆ తిట్టు ఎక్కడ వినబడినా పెర్సిడా అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయేది.

మ్యూజియం నడిచే రోజుల్లో అక్కడి మెకానిక్ రాడివోయ్ విమానం తోక మీది పసుపు రంగు గీకుతుంటే పాత అంకె బయటపడింది. కాఫీ హోటల్లో మాటవరసకు చెబితే అది పెర్సిడా చెవిన పడింది. ఇంట్లో తొడుక్కునే ఉన్ని చెప్పులతోనే పరుగెత్తుకొచ్చింది. ఆ తర్వాత, చనిపోయినవాళ్ళకు కొవ్వొత్తులు పెట్టే పోయినవాళ్ళ శనివారం నాడు, ఊరంతా శ్మశానానికి వెళ్తుంటే, ఆవిడ మాత్రం ఉడకబెట్టిన గోధుమల్లో పంచదార, అక్రోటు పొడి కలిపి గిన్నెలో పెట్టుకుని, కొవ్వొత్తి, రాకియా అనే పళ్ళ సారా సీసా పట్టుకుని షెడ్డుకు వచ్చింది.

"ఇక్కడ కొవ్వొత్తులేంటక్కా? ఇదేమన్నా శ్మశానమా?" అని రాడివోయ్ కసిరాడు.

"నాకు శ్మశానమే. నీకు కాకపోతే అటు తిరిగి కూర్చో."

"ఆ వార్నిషు సంగతి నీకు తెలీదు. పెట్రోలన్నా కాస్త ఆలోచించుకుని అంటుకుంటుంది. ఇది ఆలోచించదు."

చివరికి రాజీ కుదిరింది. షెడ్డు తలుపు బయట ఒక రేకు డబ్బాలో ఇసక పోసి, చర్చిలో లాగా అందులో కొవ్వొత్తి గుచ్చుకోమన్నాడు. పోయినవాళ్ళకు పెట్టిన కొవ్వొత్తిని నోటితో ఊదకూడదు, దానంతట అదే ఆరాలి. అది ఆరేదాకా ఇద్దరూ రెండు పెట్టెల మీద కూర్చునేవాళ్ళు. రాకియాలో మొదటి చుక్కలు నేల మీద నాన్నకు, మిగిలింది రాడివోయ్‌కు.

"మీ నాన్నకు మరీ చుక్కలేనా? పిసినారి కూతురు!" అనేవాడు.

"ఆయన డ్యూటీలో ఉన్నాడురా. తాగకూడదు."

అలా ఏడాదికి నాలుగుసార్లు స్టానోయేకు వెలుగు అందేది.

మ్యూజియం మూతపడ్డాక దివాలా వ్యవహారం చూడ్డానికి ఉగ్లేషా అనే కుర్ర లాయరు వచ్చాడు. పెర్సిడా వెళ్ళి వెనక సీటు చెక్క ఒక్కటి ఇమ్మని అడిగింది. నాన్న వైపు మట్టిలో పెట్టుకుంటానంది.

"పెద్దమ్మా, మొత్తం విమానం అమ్మకంలో ఉందండీ. మీకు చెక్క ఇస్తే రేపింకొకాయన వచ్చి ఇంజను అడుగుతాడు."

"ఇంజన్లో మా నాన్న కూర్చోలేదు నాయనా."

"నా చేతుల్లో ఏం లేదు. పైవాళ్ళు చెప్పినట్టు చెయ్యాలి."

"మా నాన్నను తీసుకుపోయినోళ్ళూ ఇదే మాటన్నారు."

ఉగ్లేషా చెక్క మాత్రం ఇవ్వలేదు. ఆ వారంలోనే బెల్‌గ్రేడ్ నుంచి సినిమావాళ్ళు వచ్చి మొక్కజొన్న విమానం చుట్టూ తిరిగి కొలతలు తీసుకున్నారు. యుద్ధం సీనులో తగలబెట్టడానికి బాగుంటుందట. ఆ మాట విని పెర్సిడా వచ్చి రాడివోయ్ చొక్కా పట్టుకుంది. రాడివోయ్ కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగాడు. పక్క పట్నం ఫ్లయింగ్ క్లబ్బువాళ్ళ గడ్డాలు పట్టుకున్నాడు, ఉగ్లేషా గది ముందు పడిగాపులు కాశాడు. ఆఖరికి క్లబ్బువాళ్ళు తీసుకోవడానికి ఒప్పుకున్నారు, సినిమావాళ్ళు వేరేదేదో వెతుక్కున్నారు. మ్యూజియం మొత్తంలో ప్రాణాలతో బయటపడబోతున్నది అదొక్కటే.

"క్లబ్బు గేటు దగ్గర నీకో కుర్చీ కూడా వేయించమన్నానక్కా. మహారాణిలా కూర్చుని వెలిగించుకో" అన్నాడు. పెర్సిడా అతని తల పట్టుకుని నుదురు మీద ముద్దు పెట్టుకుంది. ఏడ్చింది కూడా.

విమానాన్ని తరలించడానికి ముందు వచ్చిన శనివారం, శరదృతువులో వచ్చే పోయినవాళ్ళ శనివారమే. ఆ ఉదయం రాడివోయ్ ఎవరికీ చెప్పకుండా ఒక పని చేశాడు. కింది రెక్క గుడ్డ చిరిగి ఉంటే అతుకు వేసి, కొత్త వార్నిషు దట్టంగా పూశాడు. అత్తారింటికి పంపే పిల్లను చిరుగు గౌనుతో పంపుతామా అనుకున్నాడు. పెర్సిడా చూసి మురిసిపోవాలనుకున్నాడు. కొవ్వొత్తి ఎప్పుడూ బయటే కదా, భయమేముంది?

అంతలో పెద్ద విమానం మొండేన్ని తీసుకుపోవడానికి లారీ వచ్చి బురదలో దిగబడింది. రాడివోయ్ అటు పోయాడు.

ఆ రోజు కొషావా వీస్తోంది. ఆ తూర్పుగాలి మొదలైతే బానాత్‌లో పశువులు కూడా గోడ వైపు మొహం పెట్టి నిలబడతాయి. పెర్సిడా డబ్బా ముందు వంగి కొవ్వొత్తి వెలిగించింది, ఆరిపోయింది. తలగుడ్డ అడ్డం పెట్టి వెలిగించింది, ఆరిపోయింది. ఒళ్ళంతా అడ్డం పెట్టినా నిలబడలేదు. తాను అందిస్తున్న వెలుగును ఎవరో నాన్న చేతిలోంచి మళ్ళీ మళ్ళీ లాగేసుకుంటున్నట్టు అనిపించింది. ఆవిడకు దుఃఖం కంటే కోపం ముందొచ్చింది.

"ఇవాళ కూడానా? ఇవాళ కూడా ఆయన్ని చీకట్లో కూర్చోబెడతావా?" అని గాలినే తిట్టింది.

ఇసక డబ్బాను చంకనెత్తుకుని చిన్న తలుపులోంచి షెడ్డులోకి వెళ్ళింది. లోపల గాలి లేదు. వార్నిషు వాసన గుప్పుమంది, చిన్నప్పుడు కొట్టినంత ఘాటుగా. ఇన్నాళ్ళుగా ఈ షెడ్డుకు వస్తున్నా ఆ వాసన అంత బలంగా ఎప్పుడూ రాలేదు. ఇంకొకరైతే ఎందుకొచ్చిందని ఆలోచించేవారు. ఆవిడ ఆలోచించలేదు, నాన్న వచ్చాడనుకుంది. రెక్కకు కాస్త ఎడంగా డబ్బా పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, నేల మీద కూర్చుంది. మంట నిటారుగా నిలబడింది. "వచ్చావా నాన్నా" అని పైకే అంది.

బయట లారీ ఎంతకీ కదల్లేదు. జాకీ షెడ్డులో ఉంది. రాడివోయ్ పరుగెత్తుకొచ్చి పెద్ద తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. అతని భుజాల మీదుగా కొషావా లోపలికి దూసుకొచ్చింది.

రెక్క దగ్గర కొవ్వొత్తి చూశాడు. మంట రెక్క వైపు వంగిపోతోంది.

"ఊదెయ్ అక్కా! ఊదెయ్!"

పెర్సిడా కొవ్వొత్తి మీదికి వంగింది. ఊదడానికి పెదవులు దగ్గరికొచ్చాయి. నాన్న వెలుగును తన నోటితో ఆర్పడం ఆవిడ వల్ల కాలేదు. ఊదడానికి బదులు, గాలికి ఆరిపోకుండా రెండు చేతులూ అడ్డం పెట్టింది.

అంతే, వార్నిషు ఆవిరిని అందుకుని మంట ఆవిడ వేళ్ళ సందులోంచి సాగి రెక్క అంచును తాకింది. కొత్త వార్నిషు భగ్గుమంది. ముందు గుడ్డ మాయమైంది, లోపలి చెక్కలు పక్కటెముకల్లా బయటపడ్డాయి, తర్వాత అవీ అంటుకున్నాయి. రాడివోయ్ ఆవిణ్ణి ఈడ్చి బయటికి తోసి, మళ్ళీ లోపలికి వెళ్ళి తోక పట్టుకుని విమానాన్ని వెనక్కి లాగబోయాడు. లారీవాళ్ళు అతణ్ణి నడుం పట్టుకుని బయటికి లాక్కొచ్చేసరికి అతని అరచేతుల చర్మం తోక దగ్గరే ఉండిపోయింది. కొవ్వొత్తి కాలేంత సేపు కూడా పట్టలేదు విమానం కాలడానికి.

పెర్సిడా కనబడ్డవాళ్ళందరికీ తానే తగలబెట్టానని చెప్పింది. పోలీసు ఆఫీసరు తలుపు బయట ఉండిపోయిన గోధుమల గిన్నె వంక చూసి, కరెంటు తీగల వల్ల జరిగిందని రాసుకున్నాడు. అది దయో, బద్ధకమో ఆయనకే తెలియాలి. ఉగ్లేషా వచ్చి బూడిద చుట్టూ తిరిగి, జేబుల్లో చేతులు పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

"కావాలంటే తీసుకోండి పెద్దమ్మా. ఇది ఇంకెవరికీ అక్కర్లేదు."

చెక్క ముక్క అడిగితే ఇవ్వనివాడు మొత్తం విమానం ఇచ్చాడు. పెర్సిడా వెనక సీటు ఉన్న చోట మోకాళ్ళ మీద కూర్చుని, బూడిదను చేత్తో ఎత్తి మట్టికుండలో పోసుకుంది. అందులో సీటు ఇనప బందులు రెండు కూడా దొరికాయి.

శ్మశానానికి ముగ్గురే వెళ్ళారు. ఫాదరు మొదట కాస్త తటపటాయించి, తర్వాత మనిషికి చదివినట్టే అంతా చదివి వెళ్ళిపోయాడు. అరవయ్యేళ్ళుగా ఖాళీగా ఉన్న ఆ వైపు మట్టిలోకి కుండ దిగింది. రాడివోయ్ రెండు చేతులూ కట్లలో ఉన్నాయి. అతను ఇక స్పానర్ పట్టలేడని డాక్టర్లు చెప్పేశారు.

పెర్సిడా కొవ్వొత్తి గుచ్చింది. అగ్గిపెట్టె తీసింది. పుల్ల బయటికి లాగింది గానీ గీయలేకపోయింది. పెట్టె జారి పుల్లలన్నీ గడ్డిలో రాలిపోయాయి. ఏరుకోవడానికి వంగి, అలాగే ఉండిపోయింది.

"నావల్ల కాదురా. నువ్వు వెలిగించు" అంది.

రాడివోయ్ కట్లు కట్టిన చేతులు పైకెత్తి చూపించాడు. ఆవిడ మొహం రెండు చేతుల్లో దాచుకుంది.

అతను పక్కనే గడ్డిలో చతికిలబడ్డాడు.

"ఇంక కాలడానికేం లేదక్కా. వెలిగించు."

పెర్సిడా పుల్ల గీసింది. ఆ రోజు గాలి లేదు, ఆకు కూడా కదలడం లేదు. అయినా ఆవిడ కొవ్వొత్తి చుట్టూ రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, అది దానంతట అది ఆరేదాకా అలాగే కూర్చుంది.