రాఘవమ్మ విని కొన్న కార్డు

ప్రత్తిపాడులో మిరపకాయలు కోల్డ్ స్టోరేజీకి పంపే ముందు రైతులు రాఘవమ్మను కల్లానికి పిలుచుకెళ్లేవాళ్లు. ఆవిడ కొంగు నడుముకు దోపుకుని, ఒక్కో టిక్కీ బస్తాకి చెవి ఆనించి కాసేపు కళ్లు మూసుకునేది. "ఇది ఆర్నెల్లయినా రంగు నిలబడుద్ది. ఇది రెండు నెలలకే తెల్లబడుద్ది, ముందు దీన్ని అమ్ముకో" అని చెప్పి పక్క బస్తా దగ్గరికి జరిగేది. నిలిచే సరుకైతే లోపల ఎక్కడో దూరంగా తేనెటీగలు తిరుగుతున్నట్టు వినిపిస్తుందట. నిలవనిదైతే వట్టి గాలి చప్పుడట. కుండలు, సైకిల్ ట్యూబులు, ఇంటి దూలాలు, ఏవైనా ఆవిడకు వినిపించేవి. దీన్ని ఊళ్లో ఎవరూ వింతగా చెప్పుకునేవాళ్లు కాదు. ఒకరికి పాట వచ్చు, ఒకరికి ఎముకలు సరిచేసి కట్టు కట్టడం వచ్చు, రాఘవమ్మకు వినడం వచ్చు. అంతే.

మనుషులకు మాత్రం ఆవిడ చెవి ఆనించేది కాదు. పదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం మొగుడు మంచం మీద బోర్లా పడుకుని ఉంటే, పక్కన కూర్చుని ఊరికే వీపు మీద తల వాల్చింది. వట్టి గాలి చప్పుడు. ఎవరికీ చెప్పలేదు. ఆ వేసవి దాటకుండానే ఆయన పోయాడు. ఆ తర్వాత ఎవరెంత బతిమాలినా మనుషుల్ని వినలేదు.

రెండువేల ఐదు జనవరిలో ఫొటో స్టూడియో ప్రసన్నకుమార్ ఆవిడ ఇంటికొచ్చాడు. అంతకుముందు ఏడాదే అతను రీలు కెమెరా అటకెక్కించి డిజిటల్ కెమెరా కొన్నాడు. అక్టోబరులో ఒక పెళ్లికి తీసిన ఫొటోలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించబోతే కెమెరాలోని మెమరీ కార్డు ఖాళీగా కనిపించింది. గుంటూరు తీసుకెళ్లినా ఒక్కటీ బయటికి రాలేదు. పెళ్లికూతురి తండ్రి తిట్టలేదు. "మా నాన్నది ఒక్కటైనా లేదా బాబూ?" అని మూడుసార్లు అడిగి వెళ్లిపోయాడు. పెళ్లికూతురి తాత ఆ పెళ్లయిన వారానికే చనిపోయాడు. అప్పటినుంచి ప్రసన్నకుమార్ పెళ్లిళ్లు ఒప్పుకోవడం మానేసి, పాస్‌పోర్టు సైజు ఫొటోలతో సరిపెట్టుకుంటున్నాడు.

"రెబెకా పెళ్లికి నన్నే తియ్యమంటుంది పిన్నీ" అన్నాడు. "వద్దన్నా వినట్లేదు."

రెబెకా పుల్లమ్మ కూతురు, ఊళ్లోనే బడి పంతులమ్మ. పుల్లమ్మకు మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ లేచింది, సాయంత్రమయ్యేసరికి జ్వరం, మనిషి సగమైంది. చూసిన డాక్టరు క్యాన్సరని, ముదిరిందని, వేసవి దాటడం కష్టమని చెప్పాడు. తల్లి కళ్ల ముందే జరగాలని మేలో అనుకున్న పెళ్లిని ఫిబ్రవరికి ముందుకు జరిపారు.

"'అమ్మది ఒక్క ఫొటో కూడా లేదన్నా, రేషన్ కార్డు మీద ఉంది గానీ అందులో మొహమే తెలీదు' అంటుంది. నేను తీసి, అది కూడా పోతే?" ప్రసన్నకుమార్ తల దించుకున్నాడు. "ఏ కంపెనీ కార్డు కొనాలో తెలీట్లేదు. ఒకడు మంచిదన్నది ఇంకొకడు చెత్తంటాడు. నువ్వొచ్చి విని చెప్పు పిన్నీ."

రాఘవమ్మా పుల్లమ్మా ఇరవయ్యేళ్లుగా పక్కపక్కన కూర్చుని మిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరినవాళ్లు. "పుల్లి కోసమా? పద" అని రాఘవమ్మ చెప్పులు తొడుక్కుంది.

గుంటూరులో అబ్దుల్ ఖాదర్ కెమెరా సామాన్ల కొట్టుకి ఇరుకు మెట్లెక్కి మేడ మీదికి వెళ్లాలి. ప్రసన్నకుమార్ సంగతి చెప్పగానే ఖాదర్ ఆవిడకు స్టూలు వేసి, చప్పుడు అడ్డమొస్తుందని ఫ్యాను ఆపేశాడు.

"ఏ కంపెనీది నమ్మకమండీ ఖాదర్ గారూ?" ప్రసన్నకుమార్ అడిగాడు.

"పేరున్నవి నాలుగున్నాయి. వాటిల్లోనే దొంగ సరుకూ ఎక్కువొస్తుంది. పేరుంటేనే కదా నకలు చేసేది" అని కార్డులు బల్ల మీద పరిచాడు ఖాదర్.

రాఘవమ్మ ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుంది. బంగారు రంగు అట్టలో ఉన్నదాన్ని వెంటనే పక్కన పెట్టేసింది. "దీనికి మతిమరుపు." దాని పక్కనే ఉన్న అలాంటిదే ఇంకొకటి తీసి విని తలూపింది. "ఇది మంచిది."

"రెండూ ఒకే కంపెనీవి కదా పిన్నీ!"

"కంపెనీ నాకెట్టా తెలుద్ది రా, నాకు చదువొచ్చా?"

ఖాదర్ భూతద్దం పెట్టి రెండింటినీ తిప్పి చూశాడు. మొదటిదాని వెనక అంకెలు అలుక్కుపోయి ఉన్నాయి. "నకిలీది. ఢిల్లీ సరుకులో కలిసొచ్చింది, నేనే చూసుకోలేదమ్మా" అని దాన్ని విరిచి బుట్టలో పడేశాడు. ప్రసన్నకుమార్ వైపు తిరిగి, "ఒక్క పెద్ద కార్డు తీసుకోకు. చిన్నవి రెండు తీసుకో. ఒకటి పోయినా సగం పెళ్లి మిగులుతుంది. కెమెరా ఆపకుండా కార్డు లాగకు. ఆ రోజే సీడీలోకి ఎక్కించు" అన్నాడు. రాఘవమ్మ ఇంకో పావుగంట విని రెండో కార్డు కూడా ఏరింది. దాని కంపెనీ పేరు ప్రసన్నకుమార్ అంతకుముందు ఎప్పుడూ వినలేదు. అయినా మారుమాట లేకుండా రెండూ కొన్నాడు.

పెళ్లి చర్చిలో పదిగంటలకు జరిగింది. పుల్లమ్మ చిలకపచ్చ చీర కట్టుకుని, గడ్డ కనబడకుండా మెడ చుట్టూ కొంగు కప్పుకుని ముందు వరసలో కూర్చుంది. ప్రసన్నకుమార్ పెళ్లికూతురి కన్నా ఆమెనే ఎక్కువ తీశాడు. భోజనాల పందిట్లో పక్కన కూర్చుని కెమెరా వెనక బొమ్మ చూపించాడు.

పుల్లమ్మ చాలాసేపు చూసుకుంది. "ఇది ఎన్నాళ్లుంటది నాయనా?"

"రాఘవమ్మ పిన్ని విని కొన్న కార్డు పెద్దమ్మా. ఉంటది."

పుల్లమ్మ పక్కకు తిరిగింది. "ఏమే రాఘవా, ఆ ముక్కకి చెప్పావు. నాకు చెప్పవా?"

విస్తట్లో రాఘవమ్మ చెయ్యి ఆగిపోయింది. "మనుషుల్ని విననే. నీకు తెలుసుగా."

"తెలుసు. నాకేం భయం లేదు. రెబెకా రేపు నల్లపాడు అత్తగారింటికి వెళ్లనంటుంది. ఉద్యోగానికి సెలవు పెట్టి నా మంచం పక్కనే కూర్చుంటదంట. నాకెన్నాళ్లుందో తేలితే దానికేదో ఒకటి చెప్పి పంపించుకుంటాను."

రెబెకా పెళ్లి చీరలోనే వచ్చి తల్లి వెనక నిలబడింది. రాఘవమ్మ చెయ్యి కడుక్కుని, తడి తుడుచుకుని, పుల్లమ్మ వెనక మోకాళ్ల మీద కూర్చుంది. ఒంగబోయి ఆగింది. మళ్లీ ఒంగి, ఎముకలు తేలిన ఆ వీపుకి చెవి ఆనించింది. పందిట్లో గిన్నెల చప్పుడు ఆగింది. వడ్డించేవాళ్లు గరిటెలు పట్టుకుని నిలబడ్డారు.

ఆవిడ తల ఎత్తేసరికి చెంపలు తడిగా ఉన్నాయి. రెబెకా తల్లి భుజం పట్టుకుంది.

"మోగుతున్నావే" అంది రాఘవమ్మ. "చెవులు గింగుర్లెత్తేటట్టు మోగుతున్నావు. ఆ డాక్టరుకి ఏం కనబడిందో నాకు తెలీదు. ఒసేయ్ రెబెకా, ఇంకో డాక్టరుకి చూపించు."

సోమవారం రెబెకా, ఆమె భర్త కలిసి పుల్లమ్మను గుంటూరులో వేరే ఆసుపత్రికి తీసుకెళ్లారు. గడ్డలోంచి సూదితో కొంచెం తీసి పరీక్ష చేశారు. క్యాన్సరు కాదు, టీబీ. తొమ్మిది నెలలు మాత్రలు మానకుండా మింగితే నయమవుతుందన్నారు. రెబెకా ఆ శనివారమే నల్లపాడు వెళ్లింది. రోజూ పొద్దున్నే వచ్చి పుల్లమ్మ చేత మాత్రలు మింగించే పని రాఘవమ్మ పెట్టుకుంది. దసరాలకల్లా గడ్డ కరిగింది. పుల్లమ్మ గొంతు మళ్లీ వీధి చివరికి వినపడసాగింది.

మరుసటి ఫిబ్రవరిలో పుల్లమ్మ తలకు నూనె పెట్టుకుని, కనకాంబరాలు తురుముకుని, రాఘవమ్మను వెంటబెట్టుకుని స్టూడియోకొచ్చింది. పెళ్లి ఆల్బం బల్ల మీద పడేసింది.

"ఇందులో అన్నిట్లో చచ్చేదానిలాగే ఉన్నాన్రా. నా మనవళ్లకి ఇవా చూపించేది? మా ఇద్దరికీ కలిపి మంచిది ఒకటి తియ్యి."

ప్రసన్నకుమార్ ఇద్దరినీ బల్ల మీద కూర్చోబెట్టి లైట్లు వేశాడు. మీట నొక్కేసరికి పుల్లమ్మ కళ్లు మూసుకుంది. రెండోసారి రాఘవమ్మ వైపు తిరిగి ఏదో చెప్పబోయింది. మూడోసారి నవ్వొచ్చి కదిలింది.

"ఒక్క నిమిషం కుదురుగా కూర్చో పెద్దమ్మా!"

"మళ్లీ తియ్యరా," అంది పుల్లమ్మ, పువ్వులు సర్దుకుంటూ. "తొందరేముంది?"