పన్నెండో మాట

తిరగలి తిప్పుతూ ఒళ్ళో పుస్తకం పెట్టుకోవడం నాకు కాపరానికొచ్చిన కొత్తలోనే అలవాటు చేశారు. కుడిచేత్తో తిరగలి పిడి, ఎడంచేత్తో గుప్పెడు గుప్పెడు చోళ్ళు పోయడం, కళ్ళు మాత్రం పుస్తకం మీద. మా ఆయన బడి వదిలి రాగానే కాళ్ళు కడుక్కుని, అరుగు మీద బాసింపట్టు వేసుకుని, గట్టిగా కళ్ళు మూసుకుని రేఖాగణితం అప్పజెప్పేవారు. "క చ గీత ట త గీతకు సమానము, కాబట్టి..." అంటూ ఊగుతూ పోయేవారు. ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే నేను "కాదండీ" అనాలి. అంతే నా పని. అనకపోతే ధ్యాస లేదని చీవాట్లు, అంటే "నువ్వు అడ్డం రాకపోతే వచ్చేసేదే" అని విసుగు. ఏ పేజీ చూసినా అంచున నా వేళ్ళ చోడిపిండి అంటుకునే ఉండేది. దానికీ తిట్లే.

మా మామగారు గంగయ్యగారు మిషను ఉపదేశి. రావులపాలెం దగ్గర కాలవ గట్టునున్న మా పేటలో ప్రార్థనలూ, పెళ్ళిళ్ళూ, తగవులూ ఆయన చేతిమీదే జరగాలి. మా ఆయన వీరాస్వామిగారు ఆ పేటలోనే మిషను బడి పంతులు. గవర్నమెంటు వారి ఉపాధ్యాయ పరీక్ష ప్యాసు కాకపోతే బడి ఇంకొకరికి ఇచ్చేస్తామని మిషను దొరగారు కబురు పెట్టారు. ఆ పరీక్ష కోసం రాజమండ్రి నుంచి మామగారు తెప్పించిందే ఆ పుస్తకం. నేను కాపరానికొచ్చిన ఏడాదే మా ఆయన మొదటిసారి తప్పారు. "ఇది గుమ్మంలో కాలు పెట్టింది, మావాడి పరీక్ష పోయింది," అని అత్తగారు సూరమ్మగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. శకునాలు నమ్మకూడదని మామగారు ఆదివారంనాడు బోధిస్తారు. మిగతా ఆరు రోజులూ అత్తగారు నమ్ముతుంది. ఇద్దరికీ ఏనాడూ తగవు రాలేదు.

మొదట్లో నేనూ అక్షరాలకి అక్షరాలు సరిచూసేదాన్ని. అందులో ఏముందో నాకెందుకు? చిన్నప్పుడు మిషను ఆడపిల్లల బడిలో దొరసాని అమ్మగారు నాకు చదవడం నేర్పింది కీర్తనలు పాడుకోవడానికి. అయితే కళ్ళకి అలవాటైన చదువు ఊరుకోదు కదా. ఒకనాడు ఆయన ఒకేచోట పదే పదే తప్పుతుంటే, అసలు అక్కడ ఏం రాశారో చూద్దామని చదివాను. త్రికోణంలో మూడు మూలలూ ఒకచోట చేరిస్తే తిన్నని గీత అవుతుందట. ఏ త్రికోణమైనా సరేనట. నాకు నవ్వొచ్చింది. మర్నాడు పొయ్యి రాజేసే తాటాకు ముక్క తీసుకుని మూడు పక్కలూ కోశాను. మూడు కొసలూ చింపి పక్కపక్కన పెడితే తిన్నగా గీత గీసినట్టు కూర్చున్నాయి. సన్నగా పొడుగ్గా ఇంకోటి కోశాను. పొట్టిగా వంకరగా ఇంకోటి. అన్నీ అంతే. ఆ వేళ ఎసరు మరిగి పొయ్యిలో పొంగిపోయినా నాకు తెలియలేదు.

ఆ తరవాత నన్ను ఇంకా పట్టుకున్నది ఆ కింద రాసిన ఋజువు. నేను చింపిన ఆకులు నాలుగో అయిదో. ఆ ఋజువు మాత్రం నేను చూడని త్రికోణాలకీ, ఇంకా ఎవరూ గీయని త్రికోణాలకీ కూడా సరిపోతుంది. అడుగు గీతను కాస్త పక్కకి పొడిగించు, ఆ మూల నుంచి ఎదుటి గీతకు సమాంతరంగా ఇంకో గీత గియ్యి, ఇక చూడు అంటుంది. నమ్ము అనదు, చూడు అంటుంది. మా ఇంట్లో ఏ మాటైనా నిజమో కాదో తేల్చాలంటే ముందు అది ఎవరన్నారో అడగాలి. మామగారు అంటే నిజం. మా ఆయన అంటే నిజం. అత్తగారు అంటే ఆ ఇద్దరూ ఊళ్ళో లేనప్పుడు నిజం. నేనంటే మాత్రం, "నిన్నెవరడిగారు?" ఆ పుస్తకంలో నిజాన్ని ఎవరు పలికారని ఎవరూ అడగరు. తిరగలి ముందు కూర్చున్నది పలికినా అది నిజమే. ఈ సంగతి తెలిసిన రోజున ఎంత సంతోషం పట్టిందంటే, ఎవరికైనా చెప్పుకుందామని చూశాను. చెప్పుకునేవాళ్ళు లేరు.

అడక్కుండా ఉండలేక ఒక సాయంత్రం ఆయన్నే అడిగాను. పుస్తకం మొదట్లో పన్నెండు మాటలున్నాయి, వాటికి కింద ఋజువు లేదేంటండీ అని.

"అవి ముందే ఒప్పుకోవాలి. ఋజువు అడక్కూడదు," అన్నారు.

"ముక్క కంటే మొత్తం పెద్దది అంటే ఒప్పుకుంటానండి. పన్నెండోది అలా లేదే. రెండు గీతల మీద ఇంకో గీత అడ్డంగా పడితే, ఒక పక్క లోపలి కోణాలు రెండూ కలిసి రెండు లంబకోణాలకి తక్కువైతే, ఆ రెండు గీతలూ ఆ పక్కకి పోగా పోగా ఎక్కడో కలుస్తాయంట. ఎంత దూరం పోతే అండీ? ఎవరెళ్ళి చూశారు?"

"అది ఒప్పుకోకపోతే పుస్తకం ముందుకు నడవదే. నీకెందుకు ఆ గొడవ? చోళ్ళు చూసుకో."

అబద్ధమని నేనలేదు. చూపించకుండా ఒప్పుకోమంటే గొంతు దిగలేదు, అంతే. త్రికోణం మూలల ఋజువు ఏ మాట మీద నిలబడిందో, ఆ మాట దేని మీద నిలబడిందో వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ పోతే చివరికి ఆ పన్నెండో మాటే తగిలేది. మిగతాదంతా అద్దంలా కనిపిస్తుంటే అదొక్కటీ పంటికింద రాయిలా ఉండిపోయింది.

రెండోసారి కూడా ఆయన తప్పారు. రాజమండ్రి నుంచి పడవ దిగి వచ్చి, ప్రశ్నల కాగితం అరుగు మీద విసిరేసి, "పుస్తకంలో లేని బొమ్మ ఇచ్చారు నాన్నగారూ, ఎవడు రాస్తాడు?" అన్నారు. అత్తగారు నా వంక ఒక చూపు చూసి లోపలికెళ్ళింది. నేను ఆ కాగితం తీసి చూశాను. అది మూడు మూలలూ కలిస్తే గీత అయ్యే ఆ త్రికోణమే. కాకపోతే తలకిందులుగా గీసి, క, చ, ట బదులు ప, మ, స అని పెట్టారు. ఆయనకి వచ్చింది అక్షరాలు. అక్షరాలు మారేసరికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు.

ఆ తరవాత నాలుగు రోజులు నేను పడ్డ నరకం నాకే తెలుసు. ఆయన ప్యాసైతే ఆ పుస్తకం తునిలో ఉన్న మా ఆడపడుచు మొగుడు చిట్టియ్యకి వెళ్ళాలని ముందే అనుకున్నారు. అతనూ బడి పంతులే. ఆయన తప్పుతున్నంతకాలం పుస్తకం నా ఒళ్ళో ఉంటుంది. మొగుడు తప్పితే పెళ్ళాం చదువుకుంటుంది, మొగుడు నెగ్గితే పెళ్ళాం చదువు ఆగిపోతుంది. ఇంత దిక్కుమాలిన లెక్క ఏ పుస్తకంలోనైనా ఉంటుందా! ఊరుకుంటే సరిపోయేది. కానీ కళ్ళెదుట ఉన్నదాన్ని లేదు లేదని ఆయన రోజూ అంటుంటే వినలేకపోయాను.

"అది మనదేనండి. తిరగేశారంతే," అన్నాను.

"నీకేం తెలుసు?"

తిరగలి చుట్టూ రాలిన పిండిని అరచేత్తో చదునుచేసి, వేలితో బొమ్మ గీశాను. అక్షరాలు పెట్టలేదు. ఈ మూల, ఆ మూల అంటూ చూపించాను. ఆయన అరుగు దిగివచ్చి నా పక్కన కూర్చున్నారు. కాపరానికొచ్చాక ఆయన నేల మీద నా పక్కన కూర్చోవడం అదే మొదలు. చాలాసేపు చూశారు. ముఖంలోకి వెలుగు వచ్చింది, ఆ వెంటనే నల్లబడింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పక్కర్లేదండి. చూస్తే కనిపిస్తుంది."

చేత్తో పిండి చెరిపేశారు. ఎవరూ లేరని వీధి వైపు చూసుకుని, "మళ్ళీ గియ్యి," అన్నారు.

ఆ రోజు నుంచి నేను గీయడం, ఆయన చూడటం. అప్పుడే అడిగాను, ప్యాసయ్యాక పుస్తకం నా దగ్గర ఉండనిస్తారా, వెనక భాగం ఇంకా చూడలేదు అని. "ఉండనిస్తాలే," అన్నారు. పిండి వంక చూస్తూనే అన్నారు. భోజనాల దగ్గర మామగారితో మాత్రం, "అక్షరాలు ఏవైతేనేం నాన్నగారూ, సంగతి పట్టుకోవాలి. నాకిప్పుడు తట్టింది," అన్నారు. మామగారు మురిసిపోయారు. నేను పులుసు వడ్డిస్తున్నాను.

ఆయన ప్యాసయ్యారు. చిట్టియ్య తుని నుంచి వచ్చాడు. కోడిని కోశారు. మధ్యాహ్నం పడవకి తిరిగి వెళ్ళాలని తొందరగా విస్తళ్ళు వేయించారు. కూర వడ్డించగానే అత్తగారు, "ఆ పుస్తకం తెచ్చి అల్లుడిగారి సంచిలో పెట్టవే," అంది.

"అది నా దగ్గరే ఉంచుతానన్నారండీ ఆయన," అన్నాను.

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన చిట్టియ్య వైపు చూసి నవ్వారు. "నేనా? ఎప్పుడన్నానే? దానికెందుకు పుస్తకం?"

"తిరగలి దగ్గర అన్నారండి."

"నేననలేదు."

 ఎందుకలా అన్నారో నాకు అర్థమైంది. ఆ మాట ఇచ్చారన్నది నిజమైతే, ఎందుకిచ్చారని అడుగుతారు. అది తెలిస్తే ఎవరు ఎవరికి నేర్పారో తెలుస్తుంది. ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబడి ఉన్నాయి. అందుకే మొదటిదాన్నే లేదనేశారు. నాకు ఆయన మీద జాలి కూడా వేసింది. జాలి వేసినంత మాత్రాన కోపం పోలేదు.

"ఆడేమో అనలేదంటున్నాడు, నువ్వేమో అన్నాడంటున్నావు. మొగుడిని అబద్ధాలకోరు అంటావేంటే?" అంది అత్తగారు. ఆవిడే లోపలికెళ్ళి పుస్తకం తెచ్చి సంచిలో కుక్కింది. చిట్టియ్య తలొంచుకుని విస్తరిలో వేలు కదిపాడు. ఇక ఆ పుస్తకం నాకు లేదు. 

"గొడవెందుకు, ప్రార్థన చేసుకుందాం," అని మామగారు లేచి నిలబడ్డారు. మా ఇంట్లో ప్రార్థన ముగిసి అందరూ ఆమెన్ అనకుండా ఎవరూ కళ్ళు తెరవరు, ముద్ద నోట్లోకి పోదు. అందరూ కళ్ళు మూసుకున్నారు. మామగారు అన్నానికి స్తోత్రం చెప్పారు, ప్యాసైన కొడుక్కి స్తోత్రం చెప్పారు. తరవాత గొంతు తగ్గించి, "ఈ దినాన ఈ బల్లయొద్ద నీ దాసురాలు సంపూర్ణమ్మ ఆడిన అబద్ధాన్ని క్షమించి, ఆమె హృదయాన్ని వంచు తండ్రీ," అన్నారు.

"ఆమెన్," అన్నారు అందరూ.

నేను అనలేదు. దేవుడి మీద కోపం కాదు. నేనాడింది అబద్ధం కాదని దేవుడికి తెలుసు. ఇదీ ఆ పన్నెండో మాటలాంటిదే: ముందే ఒప్పుకోవాలి, ఋజువు అడక్కూడదు, ఒప్పుకోకపోతే ముందుకు నడవదు. ఈ ఇల్లు ఇన్నాళ్ళు నడిచింది నేను అన్న ఆమెన్ల మీదే కదా అనిపించింది.

మామగారు నా వైపు తిరిగారు. "ఆమెన్ అనమ్మా. కూర చల్లారిపోతోంది. పడవ వేళవుతోంది," అన్నారు మెత్తగా.

"నేను అబద్ధం ఆడానని చూపించండి మామయ్యగారూ. అప్పుడంటాను," అన్నాను.

అత్తగారు కళ్ళు తెరిచింది. చిట్టియ్య కళ్ళు తెరిచాడు. మా ఆయన ఒక్కరే, పాఠం అప్పజెప్పేటప్పటిలాగే, గట్టిగా కళ్ళు మూసుకుని ఉన్నారు.