నల్లబల్ల మీద ఆయన పేరు

"శనగపప్పు ఇంకో రెండు కేజీలు పడతాదేమో చూడమ్మే. ఓళిగలంటే మనోళ్ళు ప్రాణమిడుస్తారు" అన్నాడు నాగేంద్రప్రసాద్, సోఫాలో పడుకుని, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

మనోళ్ళు అంటే కువైట్‌లో అతను ఉపాధ్యక్షుడిగా ఉన్న సంఘం వాళ్ళు. సాయంత్రం వాళ్ళ వార్షికోత్సవం. స్టేజీ, మైకు, శాలువాలు, ఫొటోలు అతనివి. రెండు వందల ఓళిగలు, అదే బొబ్బట్లు, అతని భార్య వెంకటేశ్వరివి. వారం మొత్తం మహబూలా నుంచి రిగ్గై దాకా బస్సులో వేలాడుతూ పోయి, క్లినిక్‌లో కౌంటరు చూసుకునే మనిషికి శుక్రవారం ఒక్కటే సెలవు. ఆ సెలవు కాస్తా పొద్దున్నుంచి కుక్కరు విజిళ్ళలో కరిగిపోతోంది. "పదిమంది కోసం చేస్తాంటే అలుపేంది నీకు?" అంటాడు అలిసిపోయానంటే. చేసేది ఈమె, పదిమంది మెచ్చుకునేది ఆయన్ని.

"ఏమండీ, ఈరోజు మొదటి శుక్రారం గదా. బ్యాలెన్స్ ఎంతుందో చూసి చెప్పండి. లెక్క పెట్టల్ల" అంది పప్పు వారుస్తూ.

"పెడుదువులే. మీ ఆడోళ్ళ బ్యాంకు యాడికి పోతాది?"

ఆడోళ్ళ బ్యాంకు అంటే అతని ఎగతాళి. వీళ్ళ ఊరి వైపు ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో చదివి కువైట్ చేరినవాళ్ళు నలభై ఒక్క మంది కలిసి పెట్టుకున్న పాత విద్యార్థినుల సంఘం అది. నెలకు తలా రెండు దీనార్లు. జీతాల్లేవు, స్టేజీల్లేవు. ఆ డబ్బుతో కాలేజీ హాస్టల్లో ఫీజు కట్టలేని పిల్లలకు కడతారు. అధ్యక్షురాలు ఖైరున్‌బీ ఎగైలాలో బట్టల షాపులో పని చేస్తుంది. రెండేళ్ళ కింద ఆమే వెంకటేశ్వరిని కోశాధికారిని చేసింది. "నల్లబల్ల మీద సొంత నాయన పేరు రాసిన పిల్ల నువ్వు. నీకు గాక ఎవరికిస్తాం?" అంది.

ఆ నల్లబల్ల సంగతి చెప్పాలి. హాస్టల్లో మెస్ లెక్క పిల్లలే చూసుకునేవాళ్ళు. వారం వారం ఒకమ్మాయి భోజనాల గది గోడకున్న నల్లబల్ల మీద సుద్దముక్కతో అందరికీ కనపడేలా లెక్క రాయాలి. తిన్నవాళ్ళ పేరు లేకుండా ఖర్చు రాయకూడదు, అదొక్కటే నియమం. వెంకటేశ్వరి వంతు వచ్చిన వారంలోనే వాళ్ళ నాయన చిన్నపుల్లయ్య వేరుశనక్కాయల సంచీతో చూడ్డానికొచ్చి, ఒక పూట అక్కడే తిన్నాడు. రాయాలా వద్దా అని చెయ్యి ఆగింది. స్నేహితురాళ్ళందరూ చూస్తున్నారు. కళ్ళు మూసుకున్నంత పని చేసి రాసేసింది: చిన్నపుల్లయ్య, ఒక భోజనం, పద్నాలుగు రూపాయలు. ఆయన చెయ్యి కడుక్కొనొచ్చి, బల్ల ముందు నిలబడి కూడబలుక్కుని చదివాడు. కూతురికి భూమి చీలితే బాగుండుననిపించింది. ఆయనేమో తువ్వాలు కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, "అచ్చరాలు గుండ్రంగా ఉండాయమ్మే" అన్నాడు.

ఇక్కడ గోడ లేదు కాబట్టి నెలకోసారి, మొదటి శుక్రవారం, కాగితం మీద చేత్తో రాసి, ఫొటో తీసి, వాట్సాప్ గ్రూపులో పెడతారు. దానికి నల్లబల్ల అనే పేరు. సంఘానికి బ్యాంకులో ఖాతా తెరిచే కాగితాలు లేవు గనుక డబ్బు కోశాధికారి జీతం ఖాతాలోనే ఉంటుంది. ఇక ఆ ఖాతా సంగతి. పదకొండేళ్ళ కింద వెంకటేశ్వరి ఇక్కడ దిగిన వారానికే నాగేంద్రప్రసాద్ తీసుకెళ్ళి తెరిపించాడు. ఫోన్ నంబరు తనది. కార్డు తన పర్సులో. "పిన్ను నంబర్లు, మెసేజీలు, నీకెందుకీ తలనొప్పి?" అన్నాడు. కొత్త కాపురం. అప్పుడా మాట ప్రేమలాగే వినబడింది. క్లినిక్‌లో రోజూ మూడొందల దీనార్లు ఒక్క ఫిల్సు తేడా రాకుండా అప్పజెప్పే మనిషి, తన జీతంలోంచి వారానికి పది దీనార్లు మొగుడి చేతి నుంచి తీసుకుంటుంది. జీతం పడిన రోజే ఆయన తీసేస్తాడు, ఖాతాలో మిగిలేది సంఘం డబ్బే. ఆ పదిలోంచే మూడుసార్లు, ఆయన ఇరవయ్యో పాతికో వాడుకున్నప్పుడల్లా, మధ్యాహ్నం తిండి మానేసి సంఘం డబ్బు పూడ్చింది. ఎవరికీ చెప్పలేదు. అది గుర్తొస్తే ఆయన మీదకంటే తన మీదే ఎక్కువ చిరాకు.

"చూసినారా?"

"అబ్బ, చంపుతావే! ఎనభై ఆరు."

చేతిలో గరిటె ఆగిపోయింది. "రెండొందల ముప్పై ఆరు గదా ఉండాల్సింది?"

"నూటాయాభై మా హాలు అడ్వాన్సుకు కట్టినా. తక్కువ పడింది. మీదీ సంఘమే, మాదీ సంఘమే, రెండూ పబ్లిక్ దుడ్డే గదా! వచ్చే నెల చందాలొస్తానే పెట్టేస్తా. అంతవరకు రెండొందల ముప్పై ఆరనే రాయి. ఎవరొచ్చి చూస్తారంట?"

హాస్టల్లో పందొమ్మిది మంది పిల్లల పరీక్ష ఫీజుకు రేపే ఆఖరు. ఈరోజు నూట నలభై దీనార్లు పంపకపోతే వాళ్ళు పరీక్ష రాయలేరు. వెంకటేశ్వరి వంటింట్లో తలుపు వేసుకుని ఖైరున్‌బీకి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

ఆమె "పోనీలే ఈశ్వరీ, ఈసారికి అట్లనే రాసెయ్. నూటాయాభై నేను యాడన్నా అడిగి తెస్తా. ఫంక్షను పూట మొగుడితో తగువెందుకు? నేను గూడా ఒగసారి ఇట్లనే కప్పెట్టినాలే" అంది.

నల్లబల్ల మీద నాయన పేరు రాసిన పిల్లవని మెచ్చుకున్న నోరే ఇది. ఖైరున్‌బీ అక్క కప్పెట్టింది, తను మూడుసార్లు కప్పెట్టింది, నలభై ఒక్క మందిలో ఇంకెంతమందో. అంతా కప్పెట్టి కప్పెట్టి, ఈ మొగుళ్ళకు పరువు కుట్టిపెడుతున్నారు. ఆ పరువు కప్పుకుని వీళ్ళు స్టేజీ ఎక్కి మహిళాభివృద్ధి మీద మాట్లాడతారు.

"వద్దక్కా. ఉండేది రాస్తా" అని ఫోన్ పెట్టేసింది.

చేతులు కడుక్కుని కాగితం తీసింది. పోయిన నెల నిల్వ, ఈ నెల చందా అన్నీ రాసింది. కింద ఇంకో వరుస: నాగేంద్రప్రసాద్ (నా భర్త), వాళ్ళ సంఘం హాలుకు, నన్ను అడగకుండా తీసుకున్నది, నూట యాభై దీనార్లు. దాని కింద: ఇంతకుముందు మూడుసార్లు తీసుకున్నది నేను పూడ్చి, మీకు చెప్పలేదు. తప్పు నాది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయో లేదో ఒకసారి చూసుకుని, ఫొటో తీసి గ్రూపులో పెట్టేసింది.

పది నిమిషాలు పట్టలేదు. నాగేంద్రప్రసాద్ ఫోన్ మోగింది. వాళ్ళ అధ్యక్షుడు దొరబాబు. ఆయన భార్య కూడా ఆ కాలేజీలోనే చదివింది, ఈ గ్రూపులోనే ఉంది.

"ఏం రాసినావమ్మే నువ్వు?" అంటూ వంటింట్లోకి వచ్చాడు, చెవుల దాకా ఎర్రబడి. "ఉపాధ్యక్షుణ్ణి! నలభై ఇండ్లల్లో నా పేరు పెడతావా? ఎవుర్తన్నా మొగుని పేరు రాస్తాదా?"

"మా నాయన పద్నాలుగు రూపాయల అన్నం తింటే పేరు రాసినా. మీది నూటాయాభై దీనార్లు."

వెంకటేశ్వరి పొయ్యి ఆపింది. "ఓళిగలు హోటల్లో చెప్పండి. ఆ ఖర్చు మీ సంఘం లెక్కలో రాసుకోండి" అంది. చెయ్యి చాపింది. "కార్డు."

"సాయంత్రం మాట్లాడదాం..."

చెయ్యి అలాగే ఉంది. ఫోన్ మళ్ళీ మోగింది. పర్సు తీశాడు.

రెండు గంటలకు దొరబాబు స్వయంగా వచ్చి, కూర్చోకుండానే హాలుకు కట్టిన నూటాయాభై తిరిగి ఇచ్చి వెళ్ళిపోయాడు. అరగంటలో ఖైరున్‌బీ ద్వారా పిల్లల ఫీజు వెళ్ళిపోయింది.

"ఇంగ నా పేరు తీసెయ్" అన్నాడు నాగేంద్రప్రసాద్, గోడకేసి చూస్తూ.

వెంకటేశ్వరి తీసెయ్యలేదు. ఆ పేరు పక్కనే 'ముట్టింది' అని రాసి, టైము వేసి, మళ్ళీ ఫొటో పెట్టింది. ఉడికిన పప్పు ఫ్రిజ్‌లో పెట్టి, కార్డు తన పర్సులో పెట్టుకుని, పొయ్యి వెలిగించి ఒక్క కప్పు టీకి నీళ్ళు పెట్టింది.