బూంది కడుపులో ఎన్ని?

మా అక్క చంద్రమ్మ ఇంట్లో బూంది రెండోసారి కడుపుతో ఉంది. బూంది అంటే కుక్క. ఒళ్లంతా పసుపు చుక్కలు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. గోపన్‌పల్లిలో కొత్త అపార్టుమెంట్ల వెనక సందులో అక్కవాళ్లది కిరాయి ఇల్లు. మేనకోడలు సరిత ఒక ఐటీ కంపెనీలో రిసెప్షన్‌లో పని చేస్తుంది. సాయంత్రం ఆమె బస్సు దిగేసరికి బూంది సందు మొదట్లో నిలబడి ఉంటుంది. ఇంటిదాకా పక్కనే నడిచి, దారిలో ఆకతాయిలు ఎవరైనా ఉంటే పళ్లు చూపిస్తుంది. నేను పక్క సందులో ఉంటాను, ఆఫీసు క్యాబ్ నడుపుతాను. చదువు ఆరో తరగతిలోనే నన్ను వదిలేసి పోయింది. నేను దాన్ని ఒక్క మాటా అనలేదు.

పోయినసారి బూంది ఈనినప్పుడు ఒక పిల్ల లోపలే ఉండిపోయింది. మాకెవరికీ తెలియలేదు. అయిపోయిందనుకుని మైసూర్‌పాక్ పంచుకున్నాం. తెల్లారేసరికి బూంది లేవలేదు. సరిత దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని కూర్చుంటే ఎలాగో బతికింది. అందుకే ఈసారి సరిత ముందే మొదలుపెట్టింది.

"అమ్మా, స్కానింగ్ చేపిద్దాం. లోపల ఎన్నున్నయో తెలిస్తే, ఎన్నొచ్చినయో చూసుకోవచ్చు. మళ్ల గట్లనే అయితే ఇది బతకదన్నది డాక్టరమ్మ."

"వద్దు," అంది అక్క. "ఈనకముందు కడుపులున్నయి లెక్కవెట్టొద్దు. మీ తాత గొర్ల మంద కాసిండు. ఎన్ని గొర్లు కడుపుతోనున్నయని ఎవలన్న అడిగితే కట్టె వట్టుకొని ఎంటవడేటోడు. దిష్టి తగుల్తది."

అక్కడ నేను నోరు మూసుకుంటే కథే లేదు. కానీ అక్క భయపడుతుంటే నాకు నాలుక దురద పెడుతుంది.

"దిష్టి సంగతి ఇడిసిపెట్టు అక్కా. దవాఖానల బోర్డు చూడలేదా? కడుపులున్నది ఆడనా మగనా అని చెప్తే జైలే. కుక్కకు గూడ గదే కానూన్. అమ్మ తోడు!"

అక్క గుండె మీద చెయ్యేసుకుంది. సరిత కడుపులో ఉన్నప్పుడు ఆ బోర్డు కింద బెంచీ మీదే కూర్చుందట. "అవ్వో, ముసల్తనంల జైలుకు వోవాల్నా?" అని, ఇక స్కానింగ్ మాట ఎవరెత్తినా చీపురు ఎత్తింది.

సరిత నన్ను వాకిట్లోకి లాగింది. "మామా, మంట నువ్వే పెట్టినవ్, నువ్వే ఆర్పు. దానికేమన్న అయితే నీతోని మాట్లాడ."

సరిత మాట్లాడకపోతే నేను ఎవర్ని ఏడిపించుకుని బతకాలి? వెంటనే లోపలికి వెళ్లాను.

"అక్కా, జైలు ముచ్చట ఉత్తదే. ఆ కానూన్ మనుషులకే."

"ఇప్పుడు అబద్ధమాడుతున్నవ్," అంది.

సరే, ఇంకో దారి పట్టాను. "నాయనకు మందల ఎన్ని కడుపుతోనున్నయో తెల్వకుంటనే కాసిండా?"

"ఎందుకు తెల్వదు? ఒక్కొక్కదాని పొట్ట తడిమి చూసేటోడు. బయటికి అనకపోయేది."

"అంటే తెలుసుకుంటే దిష్టి లేదు, బయటికి అంటేనే దిష్టి. డాక్టరమ్మ నా చెవుల చెప్తది. నేను ఎవ్వరికీ చెప్ప. మంద కాసినోని కొడుకునే గదా!"

అక్క బూందిని చూసింది. అది ఆయాసపడుతూ ఆమె కాలి మీద గడ్డం ఆనించింది. "నీ ఒక్కని చెవులనే. ఇంట్ల లెక్క ఇనవడొద్దు," అంది చివరికి. ఆ మాట మీద సరిత కూడా ఒట్టు వేసింది.

మదీనాగూడలో పశువుల డాక్టరమ్మ రాజరాజేశ్వరి గారి దగ్గరికి నా క్యాబ్‌లోనే వెళ్లాం. ఆమె స్కానింగ్‌లో పిల్లల గుండెలు కొట్టుకోవడం చూపించింది. మిణుగురుల్లా మిణుకుమన్నాయి. "గుండెలన్నీ బాగున్నాయండి. కానీ దీంట్లో లెక్క ఒకటి అటూ ఇటూ పోవచ్చు. నెలలు నిండాయి, ఎముకలు గట్టిపడ్డాయి. ఎక్స్‌రే కూడా తీస్తే లెక్క ఖాయమైపోతుంది," అంది. తీసింది. మా షరతు విని నవ్వి, అక్కనూ సరితనూ బయటికి పంపి, నా చెవిలో చెప్పింది.

ఆరు.

ఒక్కడికే తెలిసిన సంగతి ఎంత కమ్మగా ఉంటుందో! ఆ రోజు నుంచి నాకు పండగే. ఉదయం క్యాబ్ తీస్తూ, "సరితా, పదమూడు! అమ్మ తోడు!" అని అరిచేవాణ్ని. మర్నాడు, "రెండే. ఒకటి ఏనుగంతున్నది, అమ్మ తోడు!" అక్క చెవులు మూసుకుని, "వీని నోట్ల మన్నువడ!" అనేది. ఉత్త అంకెలకు దిష్టి ఉండదు కదా, అందుకే ధైర్యంగా వాగాను. శనివారం నాడు, "ఐదు! అమ్మ తోడు!" అన్నాను.

ఆదివారం పొద్దున్నే బూంది మూలన పాత చీర మీద చేరింది. మధ్యాహ్నానికి ఒకదాని వెనక ఒకటి ఐదు పిల్లలు వచ్చాయి. అన్నిటినీ నాకి శుభ్రం చేసి, నీళ్లు తాగి, కళ్లు మూసుకుంది. అక్క బెల్లం జావ కాచింది. సరిత ఫోన్లో ఫొటోలు తీస్తోంది. నేను కాసేపు చూశాను, ఇంకాసేపు చూశాను. ఆరోది రాలేదు.

"ఇంకొకటున్నది," అన్నాను.

ఇద్దరూ పకపకా నవ్వారు.

"నిన్న నువ్వే గదా మామా, ఐదన్నవ్? జిందగీల ఒక్కసారి నిజం చెప్పినవ్, అది గూడ చెడగొట్టుకోకు," అంది సరిత.

"నిన్నటిది ఉత్తదే. డాక్టరమ్మ చెప్పింది ఆరు."

"రేపు ఏడంటవ్."

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆపరేషన్ గదిలో ఉంది, బయటికొచ్చాక చెప్తామన్నారు. "నువ్వు చేస్తే గట్లనే అంటరు," అని సరిత మళ్లీ నవ్వింది. కానీ నవ్వు సగంలోనే ఆగింది. బూంది ముక్కు ముట్టుకుని చూసింది. "అమ్మా, ఏం జేద్దాం? ఈనిన తల్లిని ఎండల తిప్పి, పిల్లలకేమన్న అయితే? ఈయన మాట పట్టుకొని..."

నేను క్యాబ్ తాళాలు తీసి, వాకిట్లో చెప్పులేసుకుని నిలబడ్డాను.

అక్క జావ గరిటె పక్కన పెట్టింది. నా వైపే చూస్తోంది.

"సరితా, బుట్ట తే. పిల్లల్ని అందుల వెట్టు. పోదాం."

"నువ్వు గూడ నమ్మినవా?"

"జైలన్నప్పుడు అమ్మ తోడన్నడు, స్కానింగ్ వద్దని నేనే నమ్మినట్టు జేసిన. పదమూడన్నప్పుడు అమ్మ తోడన్నడు. రెండన్నప్పుడు అమ్మ తోడన్నడు. ఐదన్నప్పుడు గూడ అన్నడు. ఇప్పుడన్నడా? చిన్నప్పటి సంది గంతే, అబద్ధమాడితేనే వీనికి అమ్మ యాదికొస్తది. నడువ్!"

నలభై ఏళ్లుగా నా గుట్టు అక్క చేతిలో ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఆదివారం కాబట్టి రోడ్డు ఖాళీ. హారన్ కొట్టిన పాపాన పోలేదు. డాక్టరమ్మ చూడగానే, "ఒకటి అడ్డం తిరిగిందండి, మంచి టైముకు తెచ్చారు," అంది. చేత్తో సర్దింది, ఇంజెక్షన్ ఇచ్చింది. ఆరోది వచ్చింది. చల్లగా, మెత్తగా, తడి సాక్సులా ఉంది. తువ్వాలుతో రుద్దింది, రుద్దింది. సరిత బూంది తల పట్టుకుని కూర్చుంది. అప్పుడు ఆ సాక్సు కీచుమంది. సరిత ఏడ్చేసింది. బూంది లేచి పిల్లను నాకి, ఆ తర్వాత సరిత చెంపలు కూడా నాకింది.

ఇంటికొచ్చాక అక్క మూలన కూర్చుని, "ఇగ లెక్కవెట్టొచ్చు," అని వేలితో ఒక్కొక్క పిల్లనూ ముట్టుకుంటూ బయటికే లెక్కపెట్టింది. "ఆరు!" అంది గొంతు నిండా. జావ గిన్నె బూంది ముందుకు జరిపి, నాకూ ఒక గ్లాసు పోసింది.

నేను గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకున్నాను.

"అక్కా, ఇంకొకటున్నది. అమ్మ తోడు!"

గరిటె నా చెవి పక్కనుంచే వెళ్లింది.