గంగాదేవి ముందు పోతుంది

ధనుంజయకు ఆరు మృగాల జట్టు కట్టడానికి ఎనిమిది నెలలు పట్టింది. అందులో సగం శ్రద్ధ చదువు మీద పెట్టి ఉంటే ఈపాటికి ఏదో ఒక ఆఫీసులో కుర్చీ దొరికేదని వాళ్ల నాన్న కాశన్న అనేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో, మగ్గం ఉన్న గదిలోనే ఒక మూల చాప పరుచుకుని, అరచేతుల్లో ఇమిడే ఆట యంత్రాన్ని పట్టుకుని కూర్చునేవాడు. ఇరవై రెండేళ్ల మనిషి. పలకరిస్తే తల ఎత్తేవాడు కాదు.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్పాలంటే ఇంతే. ఆరు మృగాలను పెంచి పోటీకి తీసుకుపోవాలి. ఎదుటివాళ్ల ఆరింటినీ చూసి, మన ఆరులోంచి నాలుగింటిని రహస్యంగా ఎంచుకోవాలి. అవి ఒకదాని తర్వాత ఒకటి బరిలోకి దిగి కొట్టుకుంటాయి. ఎవరి నాలుగు ముందు పడిపోతే వాళ్లు ఓడినట్టు. బలమున్నవాటినే ఏరుకుంటే గెలుస్తామనుకునే అమాయకులు మొదటి ఆటకే మూట సర్దుకుంటారు. కొట్టేది ఒకటి కావాలి, కొడితే ఓర్చుకునేది ఒకటి కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ముందు పోయి పడిపోయేది ఒకటి కావాలి. అది బరిలోకి దిగీ దిగగానే ఎదుటివైపు నేలంతా ముళ్లు చల్లుతుంది. దెబ్బలన్నీ తనే తింటుంది. చివరికి తనను తానే పేల్చుకుని ఎదుటిదాన్ని సగం చంపి పడిపోతుంది. అప్పుడు వెనకనుంచి వీరుడు వచ్చి పేరు కొట్టేస్తాడు.

మృగాలకు మనకిష్టమైన పేర్లు పెట్టుకోవచ్చు. ధనుంజయ తన వీరుడికి, ఎర్రటి రెక్కలున్న పెద్ద మృగానికి, డీజే అని తన పేరే పెట్టుకున్నాడు. ముందు పోయి పడిపోయేదానికి, కప్పకూ గుండ్రాయికీ మధ్యలో ఉండే బూడిదరంగు జీవికి, గంగాదేవి అని పెట్టాడు. వీధిలో ఈ ఆట ఆడే కుర్రాళ్లు అది విని కడుపు పట్టుకుని నవ్వారు. గంగాదేవి ధనుంజయకు మేనత్త.

ఆ నవ్వు ఎందుకో వీధిలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. పెళ్లయిన ఏడాదికే భర్త పోయి పుట్టింటికి వచ్చిన గంగాదేవి, ముప్పై ఏళ్లుగా తమ్ముడి ఇంట్లో మగ్గం నేస్తూ ఉండిపోయింది. ఆ ఇంట్లో ఏ కష్టమొచ్చినా ఆమెను ముందుకు తోసేవాళ్లు. చీరలు ఆలస్యమైతే సావుకారు ముందు నిలబడి మాటలు పడేది గంగాదేవి. పక్కింటివాళ్లతో మురికికాలువ తగాదా వస్తే గంగాదేవి. ధనుంజయ రెండు సబ్జెక్టులు తప్పినప్పుడు ఆ సంగతి కాశన్నకు చెప్పడానికి వెళ్లింది కూడా ఆమే. ధనుంజయ తలుపు వెనక నిలబడ్డాడు. కాశన్న కోపంతో విసిరిన చెంబు ఆమె మోచేతికి తగిలింది. ఆ మచ్చ ఇంకా ఉంది.

కర్నూల్లో ఒక కాలేజీ హాలులో పోటీ పెట్టారు. పదహారు మంది. గెలిచినవాళ్లను బెంగుళూరు పోటీకి పంపుతారు. కాశన్న ఒకటే మాట అన్నాడు. "పో. ఓడిపోయి వచ్చినావో, ఆ డబ్బా అటక మీదికి పోతాది, నువ్వు మగ్గం గుంతలోకి దిగుతావు." వాళ్లమ్మ ప్రమీలారాణి ఇంకో మాట కలిపింది. "ఎట్లాగూ కర్నూలుకు పోతాండావు గదా, అత్తను కండ్లాసుపత్రిలో చూపించుకోని రా." ముప్పై ఏళ్లు పడుగు పోగులు ఒక్కొక్కటే అతికి అతికి గంగాదేవి కళ్లు మసకబారాయి.

పొద్దున ఎనిమిదికి ఆసుపత్రిలో కళ్లలో చుక్కలు వేశారు. పరీక్ష చేసి, సాయంత్రం దాకా చూపు సరిగ్గా ఆనదని చెప్పి నల్లద్దాలు పెట్టి పంపారు. ఆమెను ఒంటరిగా ఎక్కడ వదలాలో తెలియక ధనుంజయ హాలుకే తీసుకొచ్చి మూడో వరసలో కూర్చోబెట్టాడు. ఒడిలో జొన్నరొట్టెల మూట పెట్టుకుని ఆమె చుట్టూ ఉన్న మసకలోకి చూస్తూ కూర్చుంది.

అతను మరిచిపోయింది ఒకటే. వేదిక మీద గోడంత తెర ఉంది, దాని పక్కన మైకు పట్టుకుని భూపేష్ అనే కడప కుర్రాడు ఉన్నాడు. జరిగేది జరిగినట్టు హాలు మొత్తానికి వినిపించడం అతని పని.

"ధనుంజయ జట్టు నుంచి మొదట దిగింది ఎవరంటే, గంగాదేవి," అన్నాడు భూపేష్. "గంగాదేవి ముళ్లు చల్లింది. గంగాదేవికి గట్టి దెబ్బ. గంగాదేవి డౌన్."

ధనుంజయ చెవులు కాలిపోయాయి. ఆట యంత్రం మీద వేళ్లు ఆడుతున్నాయి గానీ మనసంతా మూడో వరసలోనే ఉంది. ఆ ఆట గెలిచాడు. గెలిచానన్న సంతోషం మాత్రం దగ్గరికి రాలేదు.

దగ్గరికి వెళ్లేసరికి ఆమె ముఖం వెలిగిపోతోంది.

"నా పేరు పెట్టినావా నాయనా," అంది. "మైకులో చెప్తాంటే నాకు ఒళ్లు జల్లుమనె. ఆయప్ప నాలుగుసార్లు చెప్పె."

వాళ్ల ఇళ్లలో పేరు పెట్టుకోవడమంటే చిన్న సంగతి కాదు. పోయిన నాయనమ్మ లక్ష్మీదేవి పేరు ధనుంజయ చెల్లెలికి పెట్టారు. ఇప్పటికీ ప్రమీలారాణి కూతుర్ని తిట్టాల్సి వస్తే పాపా అనే తిడుతుంది గానీ ఆ పేరు నోట రానివ్వదు. గంగాదేవికి పిల్లలు లేరు, మనవలు లేరు. ఆమె పేరు పెట్టుకునేవాళ్లు ఈ భూమ్మీద ఎవరూ లేరు. ఈ సంగతి ధనుంజయకు ఇరవై రెండేళ్లుగా తెలుసు, ఆ పేరు పెట్టినరోజు మాత్రం గుర్తు రాలేదు.

"యెట్ల ఉంటాదప్పా అది? నాకు ఆడ అంతా తెల్లగా మబ్బు మాదిరి ఉండాది."

"బాగుంటాదత్తా," అన్నాడు. నోరు దానంతటదే అబద్ధమాడింది. "పచ్చగా, పెద్ద కండ్లతో. మా జట్టుకంతా అదే దిక్కు."

"డౌనంటే ఏంది?"

"కాసేపు కూచోని మల్లా లేస్తాది."

రెండో ఆటలో గంగాదేవి మళ్లీ మొదటే దిగింది కాబట్టి ఆ అబద్ధం నిలబడింది. అత్త పక్కసీటు ఆవిడకు, వెనక వరసలో కూర్చున్నవాళ్లకు అది తన పేరేనని చెప్పుకుంది. డీజే అంటే ఎవరని అడిగింది. నేనేనత్తా అన్నాడు. "అట్లయితే మనిద్దరం ఒక పక్కనే ఉండామన్నమాట," అని ఆమె రొట్టె తుంచి అతని చేతిలో పెట్టింది. మూడో ఆటా గెలిచాడు. మూడుసార్లూ గంగాదేవి ముందు పోయింది, ముళ్లు చల్లింది, పేలి పడిపోయింది. మూడుసార్లూ డీజే వచ్చి చప్పట్లు కొట్టించుకున్నాడు.

ఫైనల్ మూడున్నరకు. ఎదుటి మనిషి కోయిలకుంట్ల నుంచి వచ్చిన సుప్రజ. పెద్దగా మాట్లాడని, తొందరపడని అమ్మాయి. ఆమె జట్టు చూడగానే ధనుంజయకు దారి తెలిసిపోయింది. ముళ్లు పడితే ఆమె జట్టు సగం కుంటుతుంది. గంగాదేవి ముందు పోతే చాలు, గెలుపు తనదే.

అంతలో వెనకనుంచి అత్త గొంతు వినిపించింది. నల్లద్దాలు తీసి కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"ఇప్పుడు తేటపడతాండాది నాయనా. ఈసారి నా పేరుదాన్ని కండ్లార చూస్తా."

ధనుంజయ నాలుగు మృగాలను ఎంచుకోవడానికి ఒకటిన్నర నిమిషం ఉంది. గంగాదేవి బొమ్మ మీద వేలు పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. ఆ బూడిద గుండు గోడంత తెర మీద నోరు తెరుచుకుని నిలబడుతుంది. పచ్చటిదీ కాదు, పెద్ద కళ్లూ ఉండవు. ఆమె కళ్లముందే దెబ్బలు తిని పేలిపోతుంది, భూపేష్ ఆమె పేరు పెట్టి ఆ సంగతి హాలంతటికీ చెప్తాడు. అత్తను బాధపెట్టకూడదు, అందుకే దాన్ని దింపకూడదు అనుకున్నాడు ధనుంజయ. వట్టి బూటకం. అతను కాపాడుకుంటున్నది తన ముఖాన్నే, ఆ సంగతి అతనికీ తెలుసు. వేలు తీసేసి ఇంకోదాన్ని ఎంచుకున్నాడు.

ఆట తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. ముళ్లు లేని నేల మీద సుప్రజ మృగాలు వచ్చీ పోయీ నిమ్మళంగా ఆడాయి. దెబ్బలు కాచేవాళ్లు లేక డీజే మొదటి నిమిషాల్లోనే పడ్డాడు. ఆటంతా అత్త మెడ చాచి తెరవైపే చూస్తూ కూర్చుంది. పక్కసీటు ఆవిడ, "మీ పేరు ఇంకా రాలేదే," అంది. "వస్తాది, కొంచెం ఆగు," అంది గంగాదేవి. ఆ మాట ధనుంజయకు వేదిక మీదికి వినపడింది.

ఇంటికి పోయే బస్సు కోడుమూరు దాటింది. తర్వాత ఆమే కదిలించింది.

"ఒకటడుగుతా, ఏమనుకోవద్దప్పా. నా పేరుదాన్ని ఎందుకు పంపలే?"

కారణం కూడా ఆమే వెతికింది.

"పొద్దున మూడాటల్లోనూ డౌనయింది గదా. సరిగ్గా ఆడలేదని తీసేసినావా?"

అవునని ఒక్క మాట అంటే తప్పించుకునేవాడే. చేదుకబురు మోయాల్సి వచ్చిన ప్రతిసారీ ధనుంజయ ఈమెనే ముందు పంపేవాడు. ఈసారి కబురు చేరాల్సింది ఈమెకే. ఆమె దగ్గరికి ముందు పంపడానికి ఇంకెవరూ లేరు. యంత్రం తీసి, గంగాదేవి బొమ్మ తెరిచి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని చేతులు చాచి దూరంగా పట్టుకుని చూసింది.

"ఇదేనా."

"ఊఁ."

ఆమెకు ఇంగ్లీషు రాదు గానీ, జీవితమంతా పోగులు లెక్కపెట్టిన మనిషికి అంకెలు బాగా వచ్చు. "ఈ రెండు వందల పద్నాలుగు ఏంది?"

"అది దిగిన ఆటలు."

"రెండు వందల పదకొండు?"

"పడిపోయినవి." ఒకసారి మొదలయ్యాక ఆపలేకపోయాడు. "పడిపోయేదే దాని పనత్తా. అది ముందు పోయి దెబ్బలు తింటే తర్వాత వచ్చేవాళ్లు గెలుస్తారు. అందుకే... అందుకే నీ పేరు పెట్టినా. తమాషాకు."

ఆమె రెండంకెల మీదా వేలు ఆడించి లెక్క కట్టింది.

"మిగిలిన మూడుసార్లు యెట్ల బతికిందప్పా?"

"మనింట్లో కరెంటు పోయి, చార్జింగు లేక ఆట ఆగిపోయినాది."

ఆమె నవ్వుతుందేమోనని చూశాడు. ఆమె నవ్వలేదు. "వీధిలో పిల్లోళ్లకు తెలుసునా ఇది?" అంది.

"తెలుసు."

"నవ్వుతారా?"

"నవ్వేవాళ్లు." సిగ్గుతో అతని మెడ వంగిపోయింది. తిడితే బాగుండేది. మోచేతి మీద మచ్చ కనిపిస్తూనే ఉంది, ఎటు చూసినా దానిమీదికే చూపు పోతోంది. "ఈ పొద్దే పేరు మార్చేస్తానత్తా."

"మార్చొద్దు," అంది ఆమె. కొంగుతో యంత్రం అద్దం తుడిచింది. "నా పేరు ఇంకెవరు పెట్టుకుంటారు నాయనా. ఉండనీ." యంత్రాన్ని ఒడిలో పెట్టుకుని మళ్లీ అంది. "ఈసారి ఆడితే దాన్ని యెనక పెట్టొద్దు. ముందు పోతేనే గదా ఆయప్ప పేరు పిలిచేది."

గోనెగండ్ల వచ్చింది, పోయింది. ధనుంజయ ఆ యంత్రాన్ని తిరిగి అడగలేదు.

ఎమ్మిగనూరులో బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి ఇంకా వెలుతురుంది. ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినిపిస్తోంది. కాశన్న పనిలో ఉన్నాడు. గుమ్మం ముందు ధనుంజయ కాళ్లు ఆగిపోయాయి. ఓడిపోయానని చెప్పాలి.

"నువ్వు ఈడనే ఉండు," అంది గంగాదేవి. "నేను ముందు పోయి చెప్తా."

వద్దత్తా, నేనే పోతా అనాలనుకున్నాడు. నిజంగానే అనాలనుకున్నాడు. ఆ మాట నోటిదాకా వచ్చేలోపు ఆమె గడప దాటేసింది. మగ్గం చప్పుడు ఆగింది. కాశన్న గొంతు లేచింది. దాని మీద అత్త గొంతు నిదానంగా వినిపించింది.

"వాన్నేమనొద్దు కాశన్నా. తప్పు నాదే. కండ్లు చూపించుకోవాలని నేను యెంట పోయి వానికి నిమ్మళం లేకుండా చేసినా."

ధనుంజయ చెప్పులు కూడా విప్పకుండా బయటే నిలబడి ఆ మాటలన్నీ విన్నాడు.